వానాకాలంలో చెవి మిషన్లు, చెవులు, హెచ్చరికలు: వినికిడి లోపం ఉన్నవాళ్ల ఇంట్లో ఏమేం చేయాలి

వానలు మొదలయ్యాక మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "మిషన్ పలకడం లేదండీ" అనే మాటతోనే మొదలవుతాయి. వినికిడి లోపం ఉన్న పిల్లలతో, పెద్దలతో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది, కాబట్టి ఏటా జూన్ నుంచి అక్టోబర్ దాకా ఈ మాట వింటూనే ఉంటాం. వెంటనే "వానలో అసలు తడవలేదు" అని కూడా చెబుతారు, అది నిజమే. మిషన్ పాడవడానికి వానలో తడవాల్సిన పని లేదు. గాల్లో ఉన్న తేమ, రెయిన్‌కోటు లోపల పట్టే చెమట, తల సరిగ్గా ఆరకముందే పెట్టుకోవడం, ఇవి చాలు.

మిషన్ రిపేరుకు వెళ్తే ఒక్కోసారి పది పదిహేను రోజులు పడుతుంది. పెద్దవాళ్లకి అది ఇబ్బంది, మాట నేర్చుకునే వయసు పిల్లలకి మాత్రం నష్టమే, ఎందుకంటే బడులు తెరిచి కొత్త టీచరు, కొత్త పాఠాలు మొదలయ్యే రోజుల్లోనే వాళ్లు ఏమీ వినకుండా కూర్చోవాల్సి వస్తుంది. పైగా ఈ కాలంలో మిగతా దారులు కూడా మూసుకుపోతుంటాయి. రేకుల కప్పు మీద వాన మోతకి మిషన్ బాగున్నా మాట అందదు, కరెంటు పోతే ఎదుటివాళ్ల పెదాలూ చేతులూ కనిపించవు, వరద హెచ్చరికేమో మైకులో వస్తుంది. అందుకని మిషన్ సంగతితో ఆపకుండా చెవి గురించి, బడి గురించి, తుఫాను రోజుల గురించి కూడా రాస్తున్నాను. మీకు అవసరమైన చోటి నుంచి చదువుకోండి.

రాత్రి మిషన్ తీసేటప్పుడు

ఇది ఐదు నిమిషాల పని, కానీ ఈ వ్యాసంలో ఒక్కటే పాటించగలను అనుకుంటే దీన్నే పాటించండి. చెవి వెనక పెట్టుకునే మిషన్ అయితే ముందు పొడి నూలు గుడ్డతో తుడవండి. సెల్ తలుపు తెరిచి సెల్‌ని బయటికి తీయండి, తలుపు తెల్లారేదాకా తెరిచే ఉంచండి, లోపల పట్టిన తేమ బయటికి పోయేది ఆ దారినే. తర్వాత మిషన్‌ని సిలికా జెల్ ఉన్న, గట్టిగా మూత పడే డబ్బాలో పెట్టండి. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుల దగ్గర, మిషన్లు అమ్మే చోట డ్రైయింగ్ డబ్బా అని అడిగితే ఇస్తారు. సెల్‌ని మాత్రం ఆ డబ్బాలో వేయకండి, పక్కన విడిగా పెట్టండి. ఈ సెల్స్ గాలితో పనిచేసే జింక్ రకం, మరీ తేమ తగిలినా పాడవుతాయి, మరీ ఎండిపోయినా పాడవుతాయి.

డబ్బాలో గింజల రంగు చూస్తుండండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే, నారింజ రంగువి ఆకుపచ్చకి తిరిగాయంటే ఇక తేమ పీల్చలేవు. వానాకాలంలో ఇది ఎండాకాలం కంటే చాలా తొందరగా జరుగుతుంది. కొత్త ప్యాకెట్ వేయండి, పెద్ద ఖరీదేమీ కాదు. పాత గింజల్ని వంట బాండీలో వేయించి మళ్లీ వాడుతున్నామని కొందరు చెబుతుంటారు, దయచేసి ఆ పని వద్దు, నీలం గింజల్లో కలిపే రసాయనం తినే వస్తువుల దరిదాపుల్లో ఉండాల్సింది కాదు. బియ్యం డబ్బాలో పెట్టడం కూడా వద్దు. బియ్యం తేమని పీల్చేది కొంచెమే, దాని పిండి మాత్రం మైకు రంధ్రంలోకి పోతుంది.

చార్జింగ్ మిషన్ అయితే సెల్ తీసే పని ఉండదు, కానీ చార్జర్‌లో పెట్టే ముందు తుడవాలి, చార్జర్‌లోని లోహపు బిందువుల మీద తడి లేకుండా చూడాలి. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఉంటే మీ చార్జర్‌కి పవర్ బ్యాంక్ పనికొస్తుందో లేదో ఇప్పుడే ఒకసారి పెట్టి చూసుకోండి.

మిషన్‌కి ఉన్న ఐపీ 68 అనే గుర్తు చూసి "ఇది నీళ్లలో పడినా ఏమీ కాదట" అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. ఆ పరీక్ష చేసేది కొత్త మిషన్ మీద, మంచినీళ్లతో. రోజూ పట్టే ఉప్పు చెమట, సబ్బు, తలనూనె లెక్క వేరే. తలకి నూనె రాసేటప్పుడు, స్నానానికి వెళ్లేటప్పుడు, మొహానికి పౌడర్ వేసేటప్పుడు మిషన్ తీసేయాలి, జుట్టు ఆరాకే మళ్లీ పెట్టాలి. మైకు రంధ్రాల్లో పౌడర్ కూరుకుపోయిన పిల్లల మిషన్లు మేం చాలా చూస్తుంటాం.

మౌల్డ్ కడగడం

చెవిలో దూరే మెత్తటి భాగం, అంటే మౌల్డ్, వారానికి రెండు మూడుసార్లు కడగాలి. ముందు ట్యూబుతో సహా మిషన్ హుక్ నుంచి విడదీయండి, విడదీయకుండా నీళ్లలో ముంచితే మిషన్ పోయినట్టే. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం మామూలు సబ్బు చాలు. స్పిరిట్, డెట్టాల్ లాంటివి వాడకండి, మౌల్డ్ గట్టిపడి పగులుతుంది. కడిగాక ట్యూబు లోపల నీటి బొట్టు నిలిచిపోతుంది, దాన్ని చిన్న రబ్బరు పంపుతో ఊది బయటికి పంపాలి. నోటితో ఊదితే మన ఊపిరిలోని తేమే లోపలికి వెళ్తుంది. రాత్రి కడిగి పెట్టేస్తే పొద్దుటికి పూర్తిగా ఆరుతుంది.

ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి వచ్చినప్పుడు కూడా ట్యూబులో సన్నటి బొట్లు కడతాయి, చిన్న బొట్టు అడ్డుపడినా శబ్దం ఆగిపోతుంది. అందుకని ఆ రబ్బరు పంపు బడి బ్యాగులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. ట్యూబు పసుపు రంగుకి తిరిగి గట్టిపడితే మార్పించండి. పిల్లలు ఎదిగేకొద్దీ చెవి పెరుగుతుంది, మౌల్డ్ వదులవుతుంది, కూయ్ మని ఈల శబ్దం వస్తుంది. ఆ ఈల భరించలేక వాల్యూమ్ తగ్గించేస్తారు, చివరికి బిడ్డకి వినపడకుండా పోతుంది. ఈల వస్తే చేయాల్సింది వాల్యూమ్ తగ్గించడం కాదు, కొత్త మౌల్డ్ వేయించడం.

సెల్స్ కొనేటప్పుడు

10 సైజుకి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం రంగు స్టిక్కర్ ఉంటుంది, ఏ కంపెనీదైనా ఈ రంగులే. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి. స్టిక్కర్ పీకగానే గాలి లోపలికి వెళ్లి సెల్ పని మొదలుపెడుతుంది, కాబట్టి పీకాక రెండు మూడు నిమిషాలు ఆగి మిషన్‌లో వేయండి. ఒకసారి పీకాక మళ్లీ అతికించినా పెద్దగా లాభం లేదు. ఫ్రిజ్‌లో దాచకండి, బయటికి తీయగానే తేమ కడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాడేసిన సెల్ కూడా అందుబాటులో ఉండకూడదు. మింగితే ప్రాణం మీదికి వస్తుంది, మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, విరేచనంలో పోతుందిలే అని ఎదురు చూడకూడదు.

పొద్దున్నే ఆరు శబ్దాలు

బడికి పంపే ముందు రెండు నిమిషాలు ఈ పరీక్ష చేయండి. దీన్ని డేనియల్ లింగ్ అనే ఆయన రూపొందించారు, స్పీచ్ థెరపీకి వెళ్లే తల్లులందరికీ తెలిసిందే: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. మనం మాట్లాడే మాటల్లోని బొంగురు శబ్దాల నుంచి సన్నటి శబ్దాల దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. మీరు బిడ్డ వెనకో పక్కనో నిలబడండి, పెదాలు కనిపించకూడదు. ఒక్కో శబ్దం మామూలు గొంతుతో అనండి, వరస మార్చండి, మధ్యలో ఎంతసేపు ఆగుతారో కూడా మారుస్తూ ఉండండి, లేకపోతే పిల్లలు లెక్కగట్టి చెప్పేస్తారు. చిన్నపిల్లలైతే విన్నప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేస్తారు, పెద్దవాళ్లైతే తిరిగి అంటారు. రెండు చెవులకీ మిషన్లుంటే ఒక్కో చెవికి విడివిడిగా చేయండి.

నిన్నటిదాకా "స్" విన్న పిల్ల ఇవాళ వినలేదంటే ఏదో మారింది. ఏం మారిందో తేల్చుకోవడానికి ఒక వరస ఉంది. ముందు కొత్త సెల్ వేసి చూడండి. తర్వాత ట్యూబులో నీళ్లు, మౌల్డ్‌లో గులిమి ఉన్నాయేమో చూడండి. అప్పటికీ తేడా లేకపోతే మిషన్ వినే గొట్టం, అంటే డాక్టరు స్టెతస్కోపులా ఉండే చిన్న సాధనం, దాంతో మీరే విని చూడండి, వాల్యూమ్ బాగా తగ్గించి. గరగర, తెగి తెగి రావడం, శబ్దమే లేకపోవడం ఉంటే లోపం మిషన్‌ది. మిషన్ మీ చెవికి శుభ్రంగా పలుకుతూ బిడ్డకి మాత్రం వినపడకపోతే చెవిలో ఏదో జరిగినట్టు. ఈ కాలంలో జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరితే ఉన్న వినికిడి ఇంకొంచెం తగ్గుతుంది, పిల్లలు నొప్పి అని కూడా అనరు. ఈ తేడా తెలియక మిషన్‌ని సర్వీసుకీ పిల్లని ఇంటికీ తిప్పుతూ రోజులు పోగొట్టుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మిషన్ బాగుంటే నేరుగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిజంగానే తడిసిపోతే

ఆఫ్ చేయండి, సెల్ తీసి పారేయండి, తడిసిన సెల్ మళ్లీ వాడొద్దు. మౌల్డ్, ట్యూబు విడదీసి, మిషన్‌ని పొడి గుడ్డతో అద్దండి, సెల్ తలుపు తెరిచి డ్రైయింగ్ డబ్బాలో ఒక పూర్తి రోజు ఉంచండి. మధ్యలో "పనిచేస్తోందా" అని సెల్ వేసి చూడాలనిపిస్తుంది, అలా చూస్తేనే లోపల తడి ఉన్న భాగాలు పాడయ్యే అవకాశం ఎక్కువ. హెయిర్ డ్రయ్యర్, పొయ్యి పక్క, ఎర్రటి ఎండ, ఇవేవీ వద్దు. రోజు తర్వాత కొత్త సెల్ వేసినా పలకకపోతే సర్వీసుకి ఇవ్వండి, మొబైల్ రిపేరు షాపుకి మాత్రం ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు బిడ్డ చిన్నది, వాడుకోవడానికి వేరే మిషన్ ఏదైనా ఇస్తారా అని గట్టిగా అడగండి. చాలాచోట్ల ఉంటుంది, అడిగినవాళ్లకే ఇస్తారు.

బాగుచేయలేనంతగా పోతే, వికలాంగులకి సహాయక పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద మళ్లీ మిషన్ కోసం అడగొచ్చు. 40 శాతం వైకల్య ధ్రువపత్రం, ఆదాయ పరిమితి ఉంటాయి. మామూలుగా గత మూడేళ్లలో అదే సాయం పొంది ఉండకూడదు, 12 ఏళ్ల లోపు పిల్లలకి ఆ గడువు ఏడాదే, ఈ సంగతి తెలియక మూడేళ్లు ఆగేవాళ్లున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరీక్షలూ మిషన్లూ మౌల్డ్‌లూ అక్కడ చూస్తారు. మిగతా జిల్లాలవాళ్లు జిల్లా ఆసుపత్రిలోని ఈఎన్‌టీ విభాగంలోనో, వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలోనో అడగండి.

చెవిలో నూనె వద్దు

ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. చెవి దురదపెట్టినా నొప్పిపెట్టినా వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన ఇళ్లలో తాతల నాటి అలవాటు, అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు. కానీ వానాకాలంలో చెవి లోపల తేమ, వెచ్చదనం కలిసి బూజు పట్టడం మామూలు. దురద, దిబ్బడ, లోపల తెల్లగానో నల్లగానో పీచులా కనిపించడం దాని లక్షణాలు. నూనె పోస్తే చెవి ఇంకా తడిగా, జిగటగా ఉండి బూజు పెరుగుతుంది. రోజంతా మౌల్డ్ బిగించి ఉండే చెవికైతే గాలి కూడా ఆడదు. పిన్నీసు, అగ్గిపుల్ల, బడ్స్ కూడా వద్దు.

మందుల షాపులో "చెవి చుక్కలు ఇవ్వండి" అని కొని వేయడం ఇంకా ప్రమాదం. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని రకాల చుక్కలు లోపలి చెవిలోకి దిగి, ఉన్న కొద్దిపాటి వినికిడినీ దెబ్బతీస్తాయి. రంధ్రం ఉందో లేదో బయటి నుంచి మనకి తెలియదు, డాక్టరు చూసి చెప్పాల్సిందే. చెవిలోంచి చీము, నీరు కారుతుంటే ఆ చెవికి మిషన్ పెట్టకుండా వెంటనే చూపించండి, రెండో చెవి బాగుంటే దానికి పెట్టండి, రెండూ తీసేసి బిడ్డని నిశ్శబ్దంలో కూర్చోబెట్టకండి.

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, చేయించుకున్న పిల్లలకి జ్వరంతో పాటు చెవి నొప్పి, చెవి వెనక ఎరుపు లేదా వాపు, తల తిరగడం, మెడ పట్టేయడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాళ్లకి మెదడు పొరల వాపు జబ్బు, అంటే మెనింజైటిస్ ముప్పు మిగతా పిల్లల కంటే ఎక్కువ. నిమోకాకల్ టీకాలు పూర్తయ్యాయో లేదో ఈ వారమే కార్డు తీసి చూడండి.

బడికి వెళ్లే దారి, తరగతి గది

నడిచి వెళ్లే పిల్లలకి రెయిన్‌కోటు టోపీ కంటే గొడుగు మేలు. టోపీ మైకుకి రాసుకుని బరబర శబ్దం వస్తుంది, లోపల చెమట పడుతుంది, ఈల వస్తుంది. వాన జోరుగా ఉంటే మిషన్ తీసి చిన్న గట్టి డబ్బాలో పెట్టి బ్యాగులో వేయాల్సిందే, కానీ అప్పుడు బిడ్డకి వెనక నుంచి వచ్చే బండి హారన్ వినపడదు. కాబట్టి మిషన్ తీసిన రోజు ఎవరైనా పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని దింపాలి, అన్నో అక్కో అదే బడిలో ఉంటే వాళ్లకి ఈ సంగతి చెప్పి ఉంచాలి.

టీచరుగారితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. మిషన్ ఉంది కదా, అన్నీ వినిపిస్తాయి అనుకుంటారు, వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పి ఉండరు. మిషన్ మాటని పెంచినట్టే వాన మోతనీ పెంచుతుంది. రేకుల గదిలో వాన పడుతున్నప్పుడు గట్టిగా అరవడం వల్ల లాభం లేదు, దగ్గరికి వచ్చి, బిడ్డ వైపు మొహం పెట్టి, మామూలుగా మాట్లాడాలి, ముఖ్యమైన మాట బోర్డు మీద రాయాలి. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే పెదాలు కనిపించవు. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడినా అంతే, వెనక వెలుగు వల్ల మొహం చీకటిగా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు తరగతిలో లైటు వేయమని అడగండి. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి ఇస్తే టీచరు మారినా పనికొస్తుంది. బ్యాగులో రెండు సెల్స్, రబ్బరు పంపు, పొడి గుడ్డ, మిషన్ డబ్బా ఉండాలి, ఇవి ఎక్కడున్నాయో పక్క పిల్లకీ తెలియాలి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో పనిచేసే రిసోర్సు టీచర్లని ఒకసారి తరగతికి రమ్మని అడగండి, మీరు పదిసార్లు చెప్పినదానికంటే వాళ్లు ఒక్కసారి చూపిస్తే బాగా అర్థమవుతుంది.

కరెంటు పోయినప్పుడు

మిషన్ వాడినా, సైన్‌లో, అంటే సైగల భాషలో మాట్లాడుకున్నా, చీకటి పడితే ఇద్దరికీ మాట ఆగిపోతుంది. టార్చి వెలుగు వినికిడి లోపం ఉన్న మనిషి కళ్లలోకి కొడతారు చాలామంది, అది తిరగబడాలి: వెలుగు మాట్లాడేవాళ్ల మొహం మీద, చేతుల మీద పడాలి. భారతీయ సైగల భాషలో ఇంగ్లీషు అక్షరాలు రెండు చేతులతో చూపిస్తారు, ఒక చేత్తో టార్చి పట్టుకుంటే సగం మాట పోతుంది. అందుకని టార్చిని మేకుకి తగిలించే ఏర్పాటు చేసుకోండి, లేదంటే నిటారుగా నిలబెట్టి కప్పు మీదికి వెలుగు పడేలా పెట్టండి, గదంతా సరిపడా వెలుతురు వస్తుంది. చార్జింగ్ లైటు ఉంటే ఇంకా మంచిది.

ఇంట్లో వినేవాళ్లకి సైన్ రాకపోతే ఈ కాలానికి అవసరమైన కొన్ని మాటలైనా నేర్చుకోండి: వరద, కరెంటు, పాము, బయటికి పద, ఇక్కడే ఉండు, మందు, డాక్టరు, భయం లేదు. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 మాటల నిఘంటువుని వీడియోలుగా పెట్టింది, యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇంట్లో ఉన్న మీ బధిర అన్నయ్యనో చెల్లెల్నో అడిగితే ఇంకా బాగా నేర్పిస్తారు, అడిగినందుకు సంతోషపడతారు కూడా. సెప్టెంబర్ 23న అంతర్జాతీయ సైగల భాషల దినోత్సవం, ఆ లోపు ఇంట్లో అందరికీ పాతిక మాటలు రావాలని పెట్టుకోండి.

తుఫాను, వరద హెచ్చరికలు

ఆటోలో మైకు కట్టి వీధుల్లో చెప్పే హెచ్చరిక బధిరులకి అందదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా అందదు, మిషన్ వాడేవాళ్లు కూడా పడుకునేటప్పుడు తీసేస్తారు. కాబట్టి కంటికి కనిపించేవి, ఒంటికి తెలిసేవి ముందే సిద్ధం చేసుకోవాలి.

ఫోన్‌లో మొదట ప్రభుత్వ అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో భద్రత, అత్యవసరం అనే చోట ఉంటుంది. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా మోగిన పరీక్ష గుర్తుండే ఉంటుంది, అదే ఇది. వైబ్రేషన్ కూడా ఆన్ చేయండి. నోటిఫికేషన్ వస్తే ఫోన్ ఫ్లాష్ వెలిగే సదుపాయం ఐఫోన్‌లోనూ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. రాత్రి ఫోన్‌ని దిండు గలేబులో కాకుండా చేతికి తగిలేలా పక్కన పెట్టుకోండి, లేదా వైబ్రేట్ అయ్యే చేతి బ్యాండు పెట్టుకోండి. జాతీయ విపత్తు సంస్థ వాళ్ల సచేత్ యాప్‌లో హెచ్చరికలు అక్షరాల్లో వస్తాయి. వాతావరణ శాఖ రంగులు ఇంట్లో అందరికీ తెలియాలి: పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే కదలాలి. పొలం పనులకి వెళ్లే బధిరులకి ఇంకో మాట చెప్పాలి. మిగతావాళ్లు ఉరుము విని దూరం అంచనా వేస్తారు, వీళ్లకి ఆ అవకాశం లేదు, కాబట్టి మెరుపు కనపడగానే చెట్టు కిందికి కాకుండా పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. పిడుగుల కోసం దామిని అనే యాప్ ఉంది, తాము ఉన్న చుట్టుపక్కల ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

ఇవన్నీ ఉన్నా, కరెంటూ ఫోన్లూ పోతే పనికిరావు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అందుకే పక్కింటి మనిషే అసలైన ఏర్పాటు. భార్యాభర్తలిద్దరూ బధిరులైతే ఇది మరీ ముఖ్యం. నమ్మకమున్న పక్కింటివాళ్లకి ఒక తాళం చెవి ఇచ్చి, రాత్రి ఏదైనా అయితే లోపలికి వచ్చి భుజం తట్టి లేపమనీ, రాలేకపోతే కిటికీలోంచి టార్చి వెలిగించి ఆర్పమనీ ముందే చెప్పుకోండి. ఊళ్లో సచివాలయం సిబ్బందికో, పంచాయతీ కార్యదర్శికో, వార్డు సభ్యుడికో "మా ఇంట్లో వినపడని మనిషి ఉన్నారు, మైకు చాలదు, మనిషిని పంపండి" అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటి మాట మర్చిపోతారు.

2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు పడవల్లో, డ్రోన్లతో ఆహారం పంపారు. పడవవాళ్లు కింద నుంచి కేకేస్తారు, పలకని ఇంట్లో ఎవరూ లేరనుకుని ముందుకి వెళ్లిపోతారు. ఇలాంటి పరిస్థితి వస్తే మేడ మీద నుంచి ఎర్రటి చీరో దుప్పటో కిందికి వేలాడదీయండి, పెద్ద అక్షరాలతో "ఇక్కడ వినపడని వాళ్లున్నారు" అని అట్ట మీద రాసి పెట్టండి, రాత్రి టార్చి వెలిగించి ఆర్పుతూ ఉండండి. వరద నీళ్లలో తెగిపడిన తీగ చిటపట శబ్దం కూడా వీళ్లకి తెలియదు, కాబట్టి నీళ్లలో ఒంటరిగా దిగకూడదు.

ఒక జిప్ కవర్లో ఇవి పెట్టుకోండి: సెల్స్, డ్రైయింగ్ డబ్బా, చార్జర్, పవర్ బ్యాంక్, చిన్న పుస్తకం, రెండు పెన్నులు, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), సదరం ధ్రువపత్రం (వైకల్య శాతం చూపేది), చివరి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) కాపీ. ధ్రువపత్రాలు నీళ్లలో పోతే పింఛను నుంచి బస్సు పాసు దాకా అన్నిటికీ మళ్లీ తిరగాలి, ఫొటోలు తీసి ఫోన్‌లోనూ ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి, డిజీలాకర్‌లో కూడా పెట్టుకోండి. మాటని తెలుగు అక్షరాల్లో చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ ఆండ్రాయిడ్‌లో ఉంది, డాక్టరు దగ్గర, ఆఫీసుల్లో బాగా పనికొస్తుంది, కానీ నెట్ లేకపోతే నమ్ముకోలేం, పుస్తకం పెన్ను తప్పనిసరి. 112 ఇండియా యాప్‌ని ముందే పెట్టుకుని పేరు, ఇంట్లోవాళ్ల నంబర్లు నింపి ఉంచితే ప్రమాదంలో మాట్లాడకుండా బటన్ నొక్కొచ్చు.

పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే చేరగానే అక్కడి అధికారికి మీ గురించి రాసి చూపించండి. భోజనం, మంచినీళ్లు, డాక్టరు వచ్చారని అన్నీ మైకులోనే చెబుతారు, గోడకి ఒక బోర్డు పెట్టి రాయమని అడగండి, అది చెవి సరిగ్గా వినపడని ముసలివాళ్లకీ ఉపయోగమే. తోడున్న వినే మనిషి పక్కకి వెళ్తే ఎటు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లాలి.

తెలంగాణలో అక్టోబర్ మధ్యకి వానలు తగ్గుతాయి, అప్పుడు మిషన్‌ని ఒకసారి సర్వీసుకి ఇచ్చి ట్యూబు మార్పించండి. కోస్తా జిల్లాలవాళ్లకి మాత్రం తుఫానులు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తూనే ఉంటాయి, ఆ జిప్ కవర్‌ని అప్పటిదాకా తలుపు పక్కనే వేలాడదీసి ఉంచండి, నెలకోసారి సెల్స్ తేదీ చూసి మార్చండి.